పూసలు పూచిన పూలు

జరిగిన సంగతిని మొదటి నుంచి చివరి వరకు ఒక్క ముక్క వదలకుండా చెప్పినవారిని ‘పూస గుచ్చినట్లు చెప్పారు’ అని మెచ్చుకొంటారు తెలుగువారు. చాలాకాలం కంటికి కనబడని మిత్రుడు ఎదురైతే ‘నల్లపూసవైపోయావు’ అని నిష్ఠురమాడుతారు. వివాహిత మెడలో మంగళసూత్రానికి తోడుగా నిలిచేవి నల్లపూసలు. పూసలు, దువ్వెనలు, పిన్నీసులు బుట్టలో పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మినవారికి ‘పూసలవారు’ అని ఆ వృత్తే పేరై నిలిచింది. మాటలోను, బతుకులోను ఇంతగా అల్లుకొనిపోయిన వస్తువే అయినా పూసను విడిగా చేతిలోకి తీసుకొని పరిశీలించేవారు అరుదు. దండను చూసేవారు రంగును చూస్తారు, మెరుపును చూస్తారు, వెల అడుగుతారు. పూస ఆకారాన్ని గురించి ఆలోచించవలసిన అవసరం వారికి రాదు. ఆ ఆలోచన తప్పనిసరి అయ్యే పని ఒకటి ఉంది. అది పూసలతో చిన్న చిన్న పువ్వులు కూర్చడం.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. పూసల పువ్వుకు ఈ సామెత వర్తించదు. అది ఒక్కసారిగా పుట్టదు. బొటనవేలి గోరంత పువ్వు కోసం పది పూసలు గుచ్చి, ముడి బిగించి, అరచేతిలో పెట్టుకొని చూస్తే అది పువ్వులా ఉండదు. ఒక రేకు పైకి లేచి ఉంటుంది, మరొకటి పక్కకు ఒరిగి ఉంటుంది, నడుమ దారం బయటపడుతుంది. కొత్తగా నేర్చుకొనేవారు తమ చేతిని నిందించుకొంటారు. చేతిలో నేర్పు లేదనుకొని పూసల పెట్టె మూసేవారూ ఉన్నారు. నిజానికి లోపం చాలాసార్లు చేతిలో ఉండదు. ఏ పని ఏ పూస చేయగలదో తెలియకపోవడంలో ఉంటుంది. పూస ఆకారమే పువ్వు రూపాన్ని నిర్ణయిస్తుందన్నది ఈ విద్యలో మొదటి పాఠం. ఆ పాఠం చెబితే అర్థం కాదు, చేసి చూస్తేనే బోధపడుతుంది.

గాజుపూస పుట్టుక తెలిస్తే దాని స్వభావం కొంత తెలుస్తుంది. ప్రాచీనకాలంలో దక్షిణ భారతం గాజుపూసలకు ప్రసిద్ధి. పుదుచ్చేరి సమీపంలోని అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించాడు. అక్కడ చిన్న చిన్న గాజుపూసలు విస్తారంగా దొరికాయి. సముద్రాలు దాటి దూరదేశాలలో దొరికిన ఇటువంటి పూసలకు పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టాడు. వీటిని చేసే ప్రాచీన పద్ధతి పూర్వపు చిత్తూరు జిల్లాలోని పాపానాయుడుపేటలో 20వ శతాబ్దిలోనూ సజీవంగా ఉండడం చూసి పరిశోధకులు ఆశ్చర్యపోయారు. ఆ ఊరు నేడు తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి పనివారు కరిగిన గాజుముద్దను ఇనుపగొట్టానికి పట్టించి కొలిమిలో ఉంచేవారు. ముద్ద నడుమ బోలు ఏర్పరచి, దానిని సన్నని గొట్టంగా చేతితో సాగదీసేవారు. చల్లారిన గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా నరికి, బూడిద కలిపి మళ్ళీ వేడిచేసేవారు. ఆ వేడికి ముక్కల అంచుల పదును కరిగి నునుపుదేరేది. కన్నం పూడిపోకుండా బూడిద కాపాడేది.

ఈ వివరంలో పూసల ఆకారాల రహస్యమంతా ఉంది. గొట్టాన్ని పొట్టిగా నరికి బాగా వేడిచేస్తే గుండ్రని పూస. పొట్టిగానే నరికి అంచులు పెద్దగా కరగకుండా ఉంచితే స్తంభం వంటి పూస. పొడవుగా నరికితే గొట్టం పూస. ఒకే గాజు, ఒకే కొలిమి, కోతలోను కాకలోను చిన్న తేడా. ఆ తేడా పువ్వులోకి వచ్చేసరికి చాలా పెద్దదవుతుంది.

సాధారణంగా అందరూ గుండ్రని పూసలతోనే మొదలుపెడతారు. బజారులో ఈ చిన్నపూసలను నంబర్లతో గుర్తిస్తారు. నంబరు పెరిగినకొద్దీ పూస చిన్నదవుతుంది. 8వ నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11వ నంబరు పూస సుమారు 2 మిల్లీమీటర్లు, 15వ నంబరు పూస సుమారు 1.5 మిల్లీమీటర్లు ఉంటుంది. పెరట్లోని నందివర్ధనాన్ని చూసి అటువంటి అయిదురేకుల పువ్వు చేద్దామనుకొన్నవారు 11వ నంబరు తెల్లపూసలు అయిదింటిని వలయంగా గుచ్చి, నడుమ అదే పరిమాణం గల పసుపుపూసను కూర్చోబెట్టబోతారు. అది కూర్చోదు. కూర్చోబెడితే రేకులకూ రేకులకూ నడుమ సందు మిగిలి దారం కనబడుతుంది. ఆరవ పూస చేరిస్తే వలయం చక్కగా నిండుతుంది. కాని నందివర్ధనానికి ఆరు రేకులు లేవు.

ఇది చేతి పొరపాటు కాదు, రేఖాగణితం. ఒక వృత్తం చుట్టూ అదే పరిమాణం గల వృత్తాలు సరిగ్గా ఆరే ఇముడుతాయి. ఒకే రకం నాణేలను బల్లమీద పేర్చి చూసినవారికి ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. అయిదింటితో వలయం నిండాలంటే నడిమి పూస రేకుపూసలో సుమారు 7/10 వంతు ఉండాలి. అంటే 2 మిల్లీమీటర్ల రేకులకు దాదాపు 1.4 మిల్లీమీటర్ల నడిమి పూస కావాలి. 15వ నంబరు పూస ఆ కొలతకు చాలా దగ్గరగా వస్తుంది. ఎనిమిది రేకులు కావాలంటే నడిమిది 1.6 రెట్లు పెద్దది కావాలి. 3 మిల్లీమీటర్ల 8వ నంబరు పూస అక్కడ ఇంచుమించు సరిపోతుంది. పూసలన్నీ పూర్తిగా గుండ్రనివి కావు కనుక ఈ లెక్క అక్షరాలా నడవదు. కొన్ని పూసలు కన్నం ఉన్న దిక్కున కొంచెం అణగి ఉంటాయి. అటువంటివి వాడినప్పుడు ఆరింటి తరువాత ఏడవదానికి కూడ చోటు మిగలవచ్చు. పుస్తకంలో లెక్క చూసినవారు ఒక మెట్టు ఎక్కుతారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో వేలికొసలతో తెలుసుకొన్నవారు రెండవ మెట్టు ఎక్కుతారు.

గుండ్రని పూసల తరువాత స్తంభాకారపు పూసలు చేతికి వస్తాయి. జపాన్ దేశపు కర్మాగారాలు 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఈ రకాన్ని ఎంతో కచ్చితమైన కొలతలతో తయారుచేసి ప్రపంచానికి అందించాయి. వీటి గోడ పలుచన, కన్నం పెద్దది, ఒకదాని పక్కన ఒకటి ఇటుకల వలె ఒదిగిపోతాయి. సందు లేని నేత కోరేవారికి ఇవి వరప్రసాదం. వీటితో నేసిన రేకు బట్టముక్క వలె సమంగా ఉంటుంది. రంగుల ఛాయలు దానిమీద చక్కగా పలుకుతాయి. కాని రేకు అంచు మాత్రం మెట్లు మెట్లుగా వస్తుంది. మందారపు రేకు అంచున ఉండే మెత్తని వంపు దీనిలో దొరకదు. గుండ్రని పూసల నేతలో ఎగుడుదిగుడులు ఉంటాయి. అయితే ఆ ఎగుడుదిగుళ్ళే వెలుగును తలా ఒక దిక్కుకు పంచి రేకుకు జీవం పోస్తాయి. కచ్చితత్వం ఉన్నచోట మార్దవం తగ్గింది, మార్దవం ఉన్నచోట కచ్చితత్వం తగ్గింది. రెండూ ఒకే పూసలో కోరడం అత్యాశ అని తెలిసినవారు, రేకు నడుమ స్తంభపు పూసలను, అంచున గుండ్రని పూసలను వాడి చూస్తారు. మొదటిసారి పువ్వు పువ్వులా కనబడేది చాలామందికి అక్కడే.

గొట్టం పూసలది వేరొక కథ. సన్నగా, పొడవుగా ఉండే ఈ పూసలను నడిమి నుంచి కిరణాల వలె అమర్చితే చేమంతి పూస్తుంది. చేమంతిలో జనం రేకు అనుకొనే ప్రతిదీ వృక్షశాస్త్రం దృష్టిలో ఒక్కొక్క చిన్న పువ్వు. అందువల్ల ఒక్కొక్క రేకుకు ఒక్కొక్క గొట్టం వాడడంలో ఒక ఔచిత్యం ఉంది. అయితే గొట్టం పూసకు కోత దగ్గర పదునైన అంచు ఉంటుంది. పువ్వు కూర్చిననాడు ఎంతో అందంగా ఉంటుంది. నెల తిరిగేసరికి దారం తెగి పూసలు నేలమీద దొర్లుతాయి. అనుభవజ్ఞులు గొట్టానికి ఆ కొస ఒక గుండ్రని చిన్నపూసను, ఈ కొస మరొకదానిని గుచ్చుతారు. పదునైన అంచుకూ దారానికీ నడుమ నునుపైన పూస అడ్డు నిలుస్తుంది. కోపిష్ఠి అయిన పెద్దమనిషికి అటూ ఇటూ ఇద్దరు శాంతమూర్తులను కూర్చోబెట్టడం వంటిదే ఈ ఏర్పాటు. చూసేవారి కన్ను గొట్టాల మీదనే నిలుస్తుంది. పువ్వు పది కాలాలపాటు నిలవడానికి కారణమైన చిన్నపూసలను ఎవరూ గమనించరు.

బిందువు ఆకారపు పూసకు కన్నం సన్నని కొసలో అడ్డంగా ఉంటుంది. దారం ఎక్కించగానే దాని బరువైన భాగం బయటికి జారి సన్నజాజి మొగ్గ వలె వేలాడుతుంది. వాటినే పక్కపక్కన గుచ్చితే ఒకదానినొకటి తోసుకొని గజిబిజి అవుతాయి. రెండు బిందువుల నడుమ ఒక చిన్న గుండ్రని పూస పెడితే రేకులు విడివిడిగా విచ్చుకొంటాయి. రెండు శంకువులను అడుగులు కలిపి అతికించినట్లుండే పూసలది మరొక తీరు. వాటికి కోణాలు ఉండడం వల్ల మెరుపు ఎక్కువ. వలయంగా గుచ్చితే నడుములు ఒకదానికొకటి దూరంగా నిలిచి బయటివైపు చిన్న చిన్న లోయలు ఏర్పడుతాయి. ఆ లోయలను అన్నిటికంటె చిన్నపూసలతో నింపితే పువ్వు నక్షత్రంలా తళుక్కుమంటుంది. 2010 తరువాతి సంవత్సరాలలో చెక్ దేశం నుంచి రెండు కన్నాల పూసలు విరివిగా వచ్చాయి. వీటిలో ఒక కన్నం గుండా పోయిన దారం పువ్వు మొదలును బిగిస్తుంది. రెండవ కన్నం బయటి అంచున ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. దానిగుండా రెండవ చుట్టు దారం పోనిచ్చి నడుమ నడుమ గుండ్రని పూసలు చేర్చితే రేకుల కొసలు చెదరకుండా నిలుస్తాయి.

పరిమాణాల కలయికలో ఇంకొక విశేషం ఉంది. ప్రతి వరుసలోను పూసల సంఖ్యను క్రమంగా పెంచుతూ పోతే రేకు బల్లపరుపుగా పరచుకొంటుంది. బయటి వరుసలో అంతే సంఖ్యలో, కాని అంతకంటె చిన్నపూసలు వాడితే అంచు ముడుచుకొని గిన్నె వలె లేస్తుంది. అది అరవిచ్చిన మొగ్గ. బయటి వరుసలో అవసరానికి మించి పెద్దపూసలు వాడితే అంచుకు చోటు చాలక అలలు అలలుగా తిరుగుతుంది. అది ముద్దమందారపు కుచ్చు. మొగ్గకూ విరిసిన పువ్వుకూ భేదం అంచునకు దొరికిన చోటులోనే ఉందని పూసలు చెబుతాయి. రేకుల అంచులు ఒక తీరున, నడిమి భాగం మరొక తీరున పెరగడం వల్లనే నిజమైన పూలలోనూ వంపులు, ముడుతలు ఏర్పడుతాయి. పూసలతో కుస్తీ పట్టినవారు మళ్ళీ పెరట్లోకి పోయి మందారాన్ని చూసినప్పుడు, ఇంతకాలం చూస్తూ కూడ చూడనిది వారికి కనబడుతుంది. రేకు ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ మడత తిరిగిందో, కేసరాల కాడ ఎటు వంగిందో గమనిస్తారు. చేయి నేర్చుకొన్నది కంటికి చేరుతుంది.

ఈ ప్రయోగాలన్నిటిలోను ముఖ్యమైన పని గుచ్చడం కాదు, విప్పడం. సరిగా రాని పువ్వు దారాన్ని కత్తిరించి, పూసలను పళ్ళెంలోకి జార్చి, వేరే ఆకారంతో మళ్ళీ మొదలుపెట్టాలి. గంటసేపటి శ్రమ క్షణంలో చెదిరిపోతుంది. అయినా అది వృథా కాదు. ఈ పూస ఈ చోట ఒదగదు అన్న జ్ఞానం చేతిలో మిగులుతుంది. విప్పినకొద్దీ విద్య విప్పారుతుంది. కొందరు విఫలమైన పువ్వులను కూడ పారవేయక ఒక గుడ్డముక్క మీద వరుసగా కుట్టి ఉంచుకొంటారు. బయటివారికి అది వికారాల ప్రదర్శన. కుట్టినవారికి అది పాఠ్యపుస్తకం.

అయితే విప్పి మళ్ళీ కూర్చే తీరిక అందరికీ ఉండదు. ఇటలీలోని వెనిస్ నగరం శతాబ్దాలపాటు గాజుపూసలకు పుట్టినిల్లు. అక్కడి కొలుములలో తయారైన చిన్నపూసలను దారాలకు ఎక్కించే పని పేదస్త్రీలది. వారిని ‘ఇంపిరారెస్సె’ అనేవారు. ఇళ్ళ గుమ్మాల ముందు కూర్చొని, పొడవైన సన్నని సూదులను పదుల కొద్దీ విసనకర్ర వలె చేతపట్టి, ఒడిలోని చెక్కతొట్టెలో ఉన్న పూసలలో వాటిని ముంచి లేపేవారు. ప్రతిసారీ సూదులకు పూసలు ఎక్కేవి. పనిని బట్టి కూలి. ఎన్ని దారాలు నింపితే అంత డబ్బు, ఆగితే కూలి ఆగినట్లే. చాలీచాలని ఆ కూలి పెంచాలని వారు 1904లో సమ్మె చేశారు. కోటి విద్యలు కూటి కొరకే అన్న మాట వారి విషయంలో అక్షరసత్యం. వేలకొద్దీ పూసలు రోజూ వారి వేళ్ళగుండా జారిపోయేవి. ఏ పూస ఏ రేకుకు ఒదుగుతుందో ఆగి చూసే అవకాశం ఆ కూలి ఇవ్వలేదు.

ఫ్రాన్సులో 19వ శతాబ్దిలోను, 20వ శతాబ్ది తొలినాళ్ళలోను సమాధులమీద పూసల పూలతో చేసిన దండలు ఉంచే ఆచారం ఉండేది. సన్నని తీగకు గాజుపూసలు ఎక్కించి రేకులుగా, ఆకులుగా వంచి కట్టిన ఆ దండలు వానకూ ఎండకూ తట్టుకొని ఏళ్ళ తరబడి నిలిచేవి. తాజా పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. పోయినవారిమీద ప్రేమ అంత త్వరగా వాడదని చెప్పడానికి బతికినవారు గాజును ఆశ్రయించారు. ఆ పూల వెనుక కూడ పేరు తెలియని ఎన్నో చేతులు ఉన్నాయి. 2020లో ఇటలీ, ఫ్రాన్సు దేశాల గాజుపూసల కళను యునెస్కో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. కళకు గౌరవం దక్కడం ముదావహం. ఆ గౌరవంలో కొలిమి దగ్గర నిలిచినవారితోపాటు గుమ్మం ముందు సూదులు పట్టిన స్త్రీలకూ వాటా ఉంది.

నేడు అచ్చుపోసిన ప్లాస్టిక్ పువ్వులు బజారులో కుప్పలుగా దొరుకుతాయి. పూసల పువ్వు వెల చెప్పగానే ‘ఇంత చిన్నదానికి అంతా?’ అని బేరమాడేవారు ఉంటారు. వారు లెక్కించేది గాజు బరువును. పువ్వులో ఇమిడి ఉన్నది గాజు మాత్రమే కాదు. ఆరు పూసలు వద్దని అయిదింటిని నిలిపిన ఆలోచన, తెగిన దారం నేర్పిన జాగ్రత్త, విప్పి పడేసిన పదిపూల శ్రమ అన్నీ అందులో ఉన్నాయి. ఆ వెల చెల్లించనినాడు నష్టపోయేది అమ్మినవారి పూట భోజనం ఒక్కటే కాదు. రేపు మరొక ఆకారాన్ని ప్రయత్నించి చూసే ధైర్యం కూడ పోతుంది. కూలికోసం తొందరపడే చేయి నిన్నటి పువ్వునే మళ్ళీ చేస్తుంది. విప్పి చూసే సావకాశం ఉన్న చేయి ఇంతవరకు లేని పువ్వును పూయిస్తుంది.

తప్పిపోయినా ఫరవాలేదన్న భరోసా ఉన్నచోటనే కళ పెరుగుతుంది. చదువుకొనే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, పొలంలో కొత్తవిత్తనం చల్లే రైతుకూ ఇదే వర్తిస్తుంది. కన్నం ఉన్న గాజుముక్క చాలా చిన్నది. గుండ్రనిదానిని గొట్టం కమ్మంటే కాదు, గొట్టాన్ని బిందువు కమ్మంటే కాదు. దేని తీరు దానిది. ఆ తీరును తెలుసుకొని తగినచోట నిలిపినప్పుడు, మిల్లీమీటర్ల పూసలన్నీ తమ ఆకారాన్ని ఏమాత్రం వదులుకోకుండానే ఒక పువ్వు అవుతాయి.